చుట్టుకున్నంత మాత్రాన

పాము చేతికి చుట్టుకుంటే మనిషి పులకించిపోతాడు. నన్ను నమ్మింది అనుకుంటాడు. పాము వైపు నుంచి చూస్తే జరిగింది వేరు. కాళ్ళూ చేతులూ లేని ఒక జీవిని ఎవరో నేల మీంచి నాలుగడుగుల ఎత్తుకు లేపారు. పడిపోకుండా పట్టుకోవడానికి దానికి ఆ మణికట్టు తప్ప ఇంకేమీ దొరకలేదు. మణికట్టు వెచ్చగా ఉండడం అదనపు లాభం. ఇందులో నమ్మకం ఉందో లేదో పామే చెప్పాలి. అది చెప్పదు. పాముల్ని పెంచుకునేవాళ్ళ కథంతా ఆ చెప్పకపోవడం మీదే నడుస్తుంది.

మా అక్క కొడుకు హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఒక ఫొటో పంపించాడు. అరచేతిలో మట్టిరంగు పాము, ముద్దగా చుట్టుకుని ఉంది. ఫొటో కింద రెండు ఎర్ర గుండెలు. దసరా సెలవులకు కదిరి పక్కన వాళ్ళ ఊరికి వెళ్ళినప్పుడు, చెనక్కాయ పీకుతుంటే మట్టిలోంచి బయటపడిందట. కూలీలు కర్రలెత్తేలోపు వీడు ఎత్తుకున్నాడు. అంతవరకు మెచ్చుకోవాల్సిందే. ఆ తర్వాత దాన్ని చేను గట్టు దాటించి వదలకుండా, సంచిలో వేసుకుని బస్సెక్కాడు. "ఏమీ అనదు చిన్నమ్మా, నా చేతిలోనే నిద్రపోతుంది" అని వాయిస్ మెసేజి పెట్టాడు. బుజ్జి అని పేరు కూడా పెట్టేశాడు.

అది రెండుతలల పాము. రెండు తలలేమీ ఉండవు, తోక మొద్దుగా తలలాగే ఉంటుంది, అంతే. విషం లేదు. మూడడుగులకు కాస్త అటూ ఇటూ పెరుగుతుంది. మెత్తటి ఎర్ర నేలల్లో, ఇసుక నేలల్లో మట్టి కింద బతుకుతుంది, ఎలుకల్ని తింటుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. శత్రువు మీద పడితే కాటుకి దిగడం దాని పద్ధతి కాదు. తలను చుట్ల మధ్యలో దాచేసుకుని, తోకను పైకి ఆడిస్తుంది. కొట్టేవాడు తోక మీద కొడతాడు, తల బతుకుతుంది. చేలల్లో దొరికే పెద్ద పాముల తోకల మీద మానిన గాయాల మచ్చలు ఉంటాయి. ఈ ఎత్తు ఎన్నిసార్లు పారిందో వాటి మీద లెక్క రాసి పెట్టి ఉంటుంది.

ఆ సంగతి తెలుసు కాబట్టి ఫొటోలో తల ఎక్కడుందా అని వెతికాను. చుట్లకి అడుగున, బొటనవేలి మూలన కొంచెం కనిపించింది. పైన ఉన్నది తోక. వాడు నిద్ర అనుకున్నది ప్రాణభయం.

వాడి గదికి వెళ్ళి చూశాను కూడా. పాత చేపల తొట్టి, అందులో ఇసుక, ఒక నీళ్ళ గిన్నె, పైన టేబుల్ ల్యాంపు. వాడు శ్రద్ధగానే చేశాడు, ఎక్కడా పిసినారితనం లేదు. తెల్ల ఎలుక పిల్లల్ని దుకాణంలో కొని తెచ్చి పెట్టాడు. అది ముట్టలేదు. "డైటింగ్‌లో ఉంది" అని గదిలో అందరూ నవ్వుకునేవాళ్ళు. రాత్రుళ్ళు మాత్రం హుషారుగా గాజు పక్కనే అటూ ఇటూ తిరుగుతూ ఉంటుందని చెప్పారు. ముక్కు మీద పొలుసు కొంచెం లేచి ఎర్రబడి ఉంది. దారి కోసం అదే గాజును మళ్ళీ మళ్ళీ తోస్తే వచ్చే పుండు అది. అడవి నుంచి తెచ్చిన పాముల్లో తరచు కనిపిస్తుంది. గాజు అంటే ఏమిటో పాముకు తెలియదు. అవతల వెలుతురు కనిపిస్తోంది, దారి లేదు. మట్టిలో పుట్టి మట్టిలో తిరిగిన దానికి, ఒళ్ళంతా నాలుగు వైపులా ఏదో ఒకటి తగులుతూ ఉంటేనే ధైర్యం. దాన్ని మనం నాలుగు వైపులా ఖాళీ ఉన్నచోట పెట్టి, విశాలంగా ఉంది కదా అనుకుంటాం.

కుక్కను కట్టేస్తే అరుస్తుంది. చిలకను పంజరంలో పెడితే రెక్కలు కొట్టుకుంటుంది, ఈకలు పీక్కుంటుంది. పిల్లి అలిగితే ఇల్లంతా తెలుస్తుంది. పాముకు ఇవేవీ లేవు. కనురెప్పలు లేవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఒకటి ఎప్పుడూ మూసే ఉంటుంది. ముఖంలో నవ్వడానికీ బాధపడడానికీ కండరాలు లేవు. బుసకొట్టడం తప్ప గొంతు లేదు. అది చల్లటి రక్తపు జీవి, ఒంటి వేడిని తయారుచేసుకోవడానికి తిండి ఖర్చుపెట్టదు కాబట్టి నెలల తరబడి తినకుండా బతకగలదు. చివరిదాకా చూడడానికి మాత్రం బాగానే ఉంటుంది. దాని ఒంట్లో ఎప్పటినుంచో ఉన్న పురుగులు, అడవిలో ఉన్నప్పుడు ఏదో సర్దుబాటుతో బతికేవి, ఈ నీరసంలో పైచేయి సాధిస్తాయి. పొలుసుల సందుల్లో పేనులాంటి పురుగు చేరుతుంది. కుబుసం ఒక్కసారిగా ఊడకుండా ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, కళ్ళ మీది పొర అలాగే ఉండిపోతుంది. ఇవన్నీ చూసి అర్థం చేసుకునే కన్ను లేని ఇంట్లో దాని జబ్బు కూడా మంచితనంగానే కనిపిస్తుంది. మొదటి రోజు కస్సుమన్నది పదో రోజుకి ఊరుకుంటే, మచ్చికైంది అంటారు. ఓపిక అయిపోయిందేమో అని ఎవరూ అనుకోరు.

పాములకు ఏమీ తెలియదని నేననను. వాసనలో వాటిని మించినవి తక్కువ. నాలుక బయటికి చాపి గాలిలోని వాసనను పట్టి, అంగిట్లో ఉన్న ప్రత్యేకమైన అవయవానికి అందిస్తాయి. రెండు కొసల నాలుక కాబట్టి వాసన ఏ పక్క నుంచి ఎక్కువ వస్తోందో కూడా లెక్కకట్టగలవు. రోజూ ఎత్తుకునే చేతి వాసనను గుర్తుపట్టి, ఈ చేయి వచ్చినప్పుడు ప్రాణం పోలేదు అని నేర్చుకోవచ్చు. 2020లో కెనడాలో గార్టర్ పాముల మీద చేసిన ఒక పరిశోధనలో, అవి ఏ పాము పక్కన పడితే ఆ పాము పక్కన చేరకుండా, కొన్నిటిని ఎంచుకుని వాటి దగ్గరే చేరుతున్నాయని తేలింది. అంటే వాటికీ ఇష్టాలున్నాయి, చేరువలున్నాయి. అవి పాములతో. గాజుతొట్టిలో ఒంటరిగా పడి ఉన్నదానికి ఆ ఇష్టంతో పనేముంది?

తొట్టిలో బుజ్జి కథ ముగిసింది, కానీ మా మాటల వల్ల కాదు. వాడు పెట్టిన ఫొటో చూసి ఎవరో తెలియనివాడు మెసేజి పెట్టాడు. పాము ఎలా ఉంది, ఏం తింటోంది అని కాదు. "బరువెంత?" అని. రెండుతలల పాముకు మన దగ్గర దొంగబజారు ఉంది. ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందని, గుప్తనిధుల్ని చూపిస్తుందని, రోగాలు పోగొడుతుందని నమ్మేవాళ్ళకి, బరువును బట్టి లక్షల రేటు చెప్పి అమ్ముతారు. కొన్నవాడికి నిధి దొరకదు, అమ్మినవాడికి పోలీసులు దొరుకుతారు. ఇలాంటి ముఠా పట్టుబడిన వార్త రెండు రాష్ట్రాల పేపర్లలోనూ వస్తూనే ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిలోదైనా చేనులోదైనా పామును పట్టి ఉంచుకోవడం నేరం, జైలు ఉంది. ప్రేమతో ఉంచుకున్నానని చెబితే చట్టం వినదు. మా బావగారికి పాముకంటే పోలీసులంటే భయం. ఆ వారమే హైదరాబాదు వచ్చి, కొడుకునూ పామునూ కారెక్కించుకుని వెళ్ళి, అదే చేను గట్టు మీద వదిలించాడు. అదే గట్టు కావడం దాని అదృష్టం. తెలియని చోట వదిలిన పాము ఎక్కడ నక్కాలో, ఎక్కడ నీళ్ళుంటాయో తెలియక దిక్కు లేకుండా తిరిగి, బండ్ల కింద పడో గద్దకు దొరికో పోవడం ఎక్కువ.

ఉంచుకోవడం అన్నది మనకేమీ కొత్త కాదు. చిన్నప్పుడు మా వీధికి పాములాయన వచ్చేవాడు. భుజాన కావడి, అటొక బుట్ట ఇటొక బుట్ట, నోట్లో నాగస్వరం. మా అవ్వ లోపలి నుంచి పాలచెంబు తెచ్చేది. ఆ తాచు పడగ విప్పి ఊగుతుంటే పిల్లలమందరం పాట వింటోంది అనుకునేవాళ్ళం. అది చూసేది ఊగుతున్న నాగస్వరం బుర్రని, ఎటు నుంచి దెబ్బ పడుతుందా అని. దాని కోరలు అప్పటికే విరిచేసి ఉండేవి. పాము కోర విరిగితే వెనక ఇంకోటి సిద్ధంగా ఉంటుంది, కాబట్టి ఆ పని ఒకసారితో అయ్యేది కాదు. నోట్లో పుండు, పుండులో చీము, దాంతో తిండి పోవడం. పండగకి ముందు నీళ్ళు కూడా పెట్టకుండా ఎండగడితే, దాహంతో పాలయినా తాగుతుంది. పాలు దానికి అరగవు. ఆంధ్రలో కార్తీకంలో నాగుల చవితికి, తెలంగాణలో శ్రావణంలో నాగుల పంచమికి, ఇలా భక్తితో పాలుపోసి ఎన్ని పాముల్ని చంపామో. పాముకు పాలుపోసి పెంచినట్టు అని కృతజ్ఞత లేనివాళ్ళను తిడతాం. ఆ పాలు అది అడిగింది కాదు కదా, కృతజ్ఞత ఎక్కణ్ణుంచి వస్తుంది.

పాములాయన్ని ఒక్కణ్ణే తిట్టి ఊరుకోవడం మాత్రం నాకిష్టం లేదు. అతనికి అది కూడు. మెడలో కొండచిలువ వేసుకుని వీడియో తీసుకునే అపార్ట్‌మెంటు కుర్రాడికి అది సరదా. రెంటికీ తేడా ఉంది, పాముకు తప్ప.

తెలిసినవాళ్ళు ఉంచుకుంటే ఏమవుతుంది అని అడగొచ్చు. రాబర్ట్ మెర్టెన్స్ కంటే తెలిసినవాడు ఎవరుంటారు? జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని జెంకెన్‌బర్గ్ మ్యూజియంకు డైరెక్టర్‌గా చేసినవాడు, జీవితమంతా పాముల్నీ బల్లుల్నీ చదివినవాడు. పుల్లపాము అనదగ్గ ఒక సన్నటి ఆఫ్రికా పామును ఇంట్లో పెంచుకునేవాడు. ఎండుకొమ్మ పక్కన ఉంటే ఏది కొమ్మో ఏది పామో చెప్పడం కష్టం. కోరలు నోటి వెనక ఉంటాయి కాబట్టి ఈ జాతిని పెద్ద ప్రమాదకరమైనదిగా చాలాకాలం ఎవరూ లెక్కపెట్టలేదు. 1975 ఆగస్టులో తిండి పెడుతుండగా కరిచింది. దాని విషానికి విరుగుడు మందు అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. రక్తం గడ్డకట్టడం మానేస్తుంది, లోపల ఎక్కడపడితే అక్కడ కారుతుంది. ఎనభై ఏళ్ళ ఆ పెద్దమనిషి పద్దెనిమిది రోజులు బతికి, ఆ రోజుల్లో తన ఒంట్లో ఏమవుతోందో డైరీ రాసుకున్నాడు. పాముల శాస్త్రజ్ఞుడికి ఇది తగిన చావేనని అందులో తన మీద తనే చురక వేసుకున్నాడు. ఆ ధైర్యానికి దణ్ణం పెట్టొచ్చు. కానీ నాకు అందులో ఇంకోటి కనిపిస్తుంది. ఆ పాముకు ఆయన ఎవరో తెలియదు. ఆయన రాసిన పుస్తకాలూ, ఆయన తిండి పెట్టిన పూటలూ దాని ఖాతాలో లేవు. ఒక కదలిక వచ్చింది, కరిచింది. ద్రోహం అనే మాటకి అక్కడ చోటే లేదు. ద్రోహానికి చోటు లేని చోట స్నేహానికి మాత్రం ఎలా ఉంటుంది?

అడవి పామును పట్టి ఉంచుకోవడం చట్టబద్ధంగా, దశాబ్దాలుగా జరుగుతున్న చోటు ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది. మహాబలిపురం దారిలో వడనెమ్మెలి అనే ఊళ్ళో ఇరుళర్ల సహకార సంఘం. ఇరుళర్లు తమిళనాడు గిరిజనులు, మన నెల్లూరు, చిత్తూరు వైపు యానాదుల్లాగే ఎలుకల్నీ పాముల్నీ వాటి జాడను బట్టి చదవగలవాళ్ళు. ఒకప్పుడు వాళ్ళ బతుకు పాము చర్మాల వ్యాపారం మీద నడిచేది. 1976లో చర్మాల ఎగుమతిని నిషేధించారు. పాము బతికింది, ఇరుళర్ల పొయ్యి ఆరింది. 1978లో ఈ సంఘం వచ్చాక చంపడానికి పట్టే పామునే విషం తీయడానికి పట్టడం మొదలుపెట్టారు. తాచు, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర, ఈ నాలుగే. మట్టికుండల్లో ఉంచి, మూతికి గుడ్డ కట్టి, వారానికోసారి విషం తీస్తారు. అలా మూడు నాలుగు వారాలు. తర్వాత పొట్ట కింది పొలుసును కొంచెం కత్తిరించి గుర్తు పెట్టి వదిలేస్తారు, అదే పామును వెంటనే మళ్ళీ పట్టకుండా. దేశంలో పాముకాటు మందు చాలామటుకు ఆ విషంతోనే తయారవుతుంది. హైదరాబాదు కంపెనీలు కూడా దాంతో మందు చేస్తాయి.

నేను ఆ కుండల్ని చూశాను. సందర్శకుల కోసం ఒక చిన్న గోతిలాంటి అరుగులో విషం తీసి చూపిస్తారు. పాము తలను వేళ్ళతో పట్టి గాజుపాత్ర అంచుకు ఆనిస్తే పచ్చటి చుక్కలు రెండు జారుతాయి. పని అయిపోగానే మళ్ళీ కుండలోకి. ఆ మనిషి దాన్ని నిమరలేదు, మాట్లాడలేదు, ఫొటోకి ఎత్తి చూపించలేదు. దానికి పేరు లేదు. కుండ మీద తారీకు మాత్రం ఉంది. ఆ తారీకే నాకు నచ్చింది. ఇరుళర్లు పాముల్ని మనకంటే ఎక్కువ ప్రేమిస్తారని నేను చెప్పలేను, కుండలో పాముకు అది సుఖమనీ చెప్పను. కానీ అక్కడ పట్టిన రోజే వదిలే రోజు కూడా నిర్ణయమైపోయి ఉంటుంది. మా వాడి చేపలతొట్టికి లేనిది అదే. సొంతం చేసుకున్నదానికి గడువు ఉండదు. గడువు లేని చెర ఎంత మెత్తటి ఇసుక మీద పెట్టినా చెరే.

ఇక్కడ ఒక పేచీ ఉంది, దాన్ని దాటేసి పోవడం నిజాయితీ కాదు. ఈ సంఘం పుట్టడానికి కారకుడైన రాములస్ విటేకర్ చిన్నప్పుడు చేసిందేమిటి? కొడైకెనాల్ బోర్డింగు స్కూల్లో మంచం కింద కొండచిలువను పెట్టుకున్నాడు. అమెరికాలో పుట్టి, తల్లి రెండో పెళ్ళి వల్ల ఈ దేశానికి వచ్చిన కుర్రాడు. ఆ సవతి తండ్రి మన హైదరాబాదులో పుట్టిన హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ కొడుకు. అంటే సరోజినీ నాయుడు వరసకి విటేకర్‌కు నాయనమ్మ అవుతుంది. ఇల్లంతా పాటలూ నాటకాలూ ఉద్యమాలూ. ఆ ఇంట్లో ఈయన పాములు. తర్వాత అమెరికాలో మయామీ వెళ్ళి, బిల్ హాస్ట్ అనే పాములాయన దగ్గర పనిచేశాడు. హాస్ట్ నూట డెబ్భైకి పైగా విషపు కాట్లు తగిలినా వందేళ్ళు బతికి, 2011లో సహజంగానే పోయాడు. తిరిగొచ్చి విటేకర్ మద్రాసులో పాముల పార్కు పెట్టాడు. 2018లో పద్మశ్రీ వచ్చింది. మంచం కింద కొండచిలువ లేకపోతే ఇవన్నీ ఉండేవా?

ఉండేవి కావేమో. పాముల శాస్త్రజ్ఞులను ఎవర్ని కదిపినా, చిన్నప్పుడు సీసాలో పామును పెట్టుకున్న కథే చెబుతారు. పిల్లలు దేన్నయినా ముందు పట్టుకుంటారు, తర్వాత ప్రేమిస్తారు, ఆ తర్వాత ఎప్పటికో చదువుతారు. పట్టుకోవద్దు, ముట్టుకోవద్దు, చూడనే వద్దు అని పెంచిన పిల్లవాడు పాము కనబడగానే కర్ర కోసమే వెతుకుతాడు. అందుకని మా అక్క కొడుకు కూలీల కర్రల మధ్యలోంచి దాన్ని ఎత్తుకున్న ఆ ఒక్క క్షణాన్ని నేను తప్పు పట్టలేను. వాడు దాన్ని సాయంత్రం దాకా ఉంచుకుని, పొలుసులు తడిమి, తోకేదో తలేదో తేల్చుకుని, మునిమాపున గట్టు మీద వదిలేసి ఉంటే చాలా నేర్చుకునేవాడు. చట్టం దానికీ ఒప్పుకోదు, నాకు తెలుసు. అయినా ఈ విషయంలో చట్టం కంటే నేను కాస్త మెతక. ఇంకో మాట: అది రెండుతలల పామేనని పోల్చుకోగలిగాడు కాబట్టి సరిపోయింది. కట్లపామును పోలిన విషం లేని పాము ఒకటి ఇళ్ళలో బల్లుల కోసం తిరుగుతూ ఉంటుంది. దాని చారలు మెడ దగ్గరే మొదలై తోకకు వచ్చేసరికి మాసిపోతాయి, కట్లపాముకు తల దగ్గర లేకుండా వెనక నుంచి మొదలై తోక చివరిదాకా ఉంటాయి. రాత్రిపూట సెల్‌ఫోను వెలుగులో ఈ తేడా కనిపెట్టి చేయి చాపే ధైర్యం ఎవరికైనా ఉంటే అది ధైర్యం కాదు.

మరి అడవిలో పట్టకుండా, దుకాణంలో కొనుక్కుంటే? ఇప్పుడు హైదరాబాదు, బెంగుళూరు ఇళ్ళలో బాల్ పైథాన్‌లు ఉన్నాయి. పశ్చిమ ఆఫ్రికా కొండచిలువ, చిన్నది, నెమ్మది. ప్రపంచంలో ఎక్కువమంది పెంచుకునే పాముల్లో ఇదొకటి. విదేశీ జాతి కాబట్టి చాలాకాలం మన చట్టం కింద రాలేదు, 2024 నుంచి రిజిస్టర్ చేయించాలన్న నిబంధన వచ్చింది. కొన్ని తరాలుగా పెట్టెల్లోనే పుట్టినవి కొన్నయితే, బెనిన్, టోగో, ఘనా పొలాల్లో కడుపుతో ఉన్న తల్లుల్ని తవ్వి తీసి, గుడ్లు పొదిగించి, పిల్లల్ని ఎగుమతి చేసినవి మరికొన్ని. పెట్టెలో పుట్టినదాన్ని అమ్మేవాడు నమ్మకంగా చెబుతాడు, ఇది అడవినే చూడలేదండీ అని. నిజమే కావచ్చు. భయమేస్తే మాత్రం అది ఇప్పటికీ తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, దాని పేరే ఆ బంతి నుంచి వచ్చింది. కొన్నవాళ్ళు ఎక్కువగా ఫొటో తీసేదీ ఆ భంగిమనే.

పెంచుకునేవాడి మోజు తీరిపోయాక ఏమవుతుందో ఫ్లోరిడా చెబుతుంది. బర్మా కొండచిలువ పిల్లల్ని ముచ్చటపడి కొన్నారు. పదిహేనడుగులయ్యాక ఎవర్గ్లేడ్స్ చిత్తడి నేలల్లో వదిలేశారు, కొన్ని తప్పించుకున్నాయి. అవి అక్కడ స్థిరపడి, కుందేళ్ళనీ రకూన్లనీ దాదాపు ఊడ్చేశాయి. 2012లో వాటి దిగుమతిని నిషేధించేసరికి ఆలస్యమైపోయింది. 2017లో అమెరికావాళ్ళు ఆ కొండచిలువల్ని వెతికిపట్టడానికి ఇద్దరు ఇరుళర్లను పిలిపించారు, మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్. ఇంగ్లీషు రాదు, ఒక ఇనుప గునపం చాలు. కీ లార్గోలో పాడుబడ్డ క్షిపణి స్థావరం ఒకదానిలోంచి పదహారడుగుల ఆడదానితో కలిపి నాలుగింటిని లాగారు. కొన్ని వారాల్లో రెండు డజన్లకు పైనే పట్టారు. ఇద్దరికీ 2023లో పద్మశ్రీలు వచ్చాయి. ఒకరి ముద్దుముచ్చటను శుభ్రం చేయడానికి ఇంకొకరు సముద్రాలు దాటిపోవాల్సి వచ్చింది.

మన ఊళ్ళలో పాముతో ఉన్న పాత ఏర్పాటు పెంపకం కాదు, ఇరుగుపొరుగు. పుట్ట పాము కట్టింది కాదు, చెదలు కట్టినది. ఎలుకల కోసం, చల్లదనం కోసం పాము అందులో దూరుతుంది. ఆ పుట్టను దున్నేయకుండా చేను మూలన వదిలేసే రైతులు మా చిన్నప్పుడు ఉండేవాళ్ళు. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా పెట్టి, దూరం నుంచే దణ్ణం పెట్టి వచ్చేవాళ్ళు. దీన్ని మరీ బంగారంలా చూపించక్కర్లేదు, ఆ పుట్టకు మొక్కిన చేత్తోనే ఇంట్లో దూరిన జెర్రిపోతును కొట్టి చంపేవాళ్ళు. జెర్రిపోతుకు విషమే లేదు, ఎలుకల్ని దానిలా తినేది ఇంకోటి లేదు, అయినా చంపేవాళ్ళు. భయానికి కారణం లేకపోలేదు. 2000 నుంచి 2019 వరకు ఈ దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్కకట్టింది. ఆ చావుల్లో సుమారు 70 శాతం జరిగిన ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది పల్లెల వాళ్ళే. పామును మెడలో వేసుకునేవాళ్ళు ఆ లెక్కలో ఎక్కడో మూలన ఉంటారు. చీకట్లో చెప్పుల్లేకుండా మోటరు వేయడానికి చేలోకి వెళ్ళేలాంటి వాళ్ళే ఆ లెక్కలో ఎక్కువ.

ఆ మధ్య మా అపార్ట్‌మెంటు వెనక తాచు కనబడింది. పాముల్ని పట్టి అటవీశాఖకు అప్పగించే స్వచ్ఛంద సంస్థ హైదరాబాదులో 1995 నుంచీ ఉంది, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ. అలాంటి పని చేసే కుర్రాడొకడు బైకు మీద వచ్చాడు. కొక్కెం కర్రతో తోక పక్క లేపి, సంచి మూతిని ఒక గొట్టానికి తగిలించి చీకటి చూపించాడు. పాము తనంతట తనే దూరింది. చేతికి చుట్టలేదు, పడగ పట్టుకుని తిప్పలేదు. జనం ఫోన్లతో మూగి ఫొటో, ఫొటో అంటుంటే మూతి బిగించేశాడు.

మూడో అంతస్తు ఆయన, మీరూ ఇంట్లో పెంచుకుంటారా అని అడిగాడు.

"నేనెందుకండీ, మీరే పెంచుకుంటున్నారుగా" అన్నాడు కుర్రాడు. వాచ్‌మన్ గది వెనక పాత ఇటుకల కుప్ప, దాని పక్కన విరిగిన టైల్సు, వాటి మీద ప్రతి ఫ్లాటు నుంచీ రాత్రిపూట పడేసే అన్నం కవర్లు చూపించాడు. ఇక్కడ ఎలుకలు ఎన్ని ఉంటాయో మీకు తెలుసా, ఇది పోతే ఇంకోటి వస్తుంది, దీని తప్పేముంది అన్నాడు. కుప్ప తీయించండి, చెత్త మూత ఉన్న డబ్బాలో వేయండి, గోడ వెంట లైటు పెట్టండి, కాలవ కన్నాలకు జాలీ బిగించండి అని వాచ్‌మన్‌కు ఒక్కొక్కటీ చూపించి, పెట్రోలు ఖర్చు తీసుకోమంటే తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

లైటు పెట్టారు. ఇటుకల కుప్ప ఎవరి ఖర్చుతో తీయించాలన్న దాని మీద అసోసియేషన్ మీటింగు ఇంకా నడుస్తోంది.